పొగకు వేసిన కొసరు

మొన్న మా మనవరాలు ఇంజినీరింగు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఫోనులో ఏదో నొక్కి, గంటకు పది పౌండు మోల్స్ అంటే సెకనుకు ఎన్ని గ్రాము మోల్స్ అవుతాయో రెప్పపాటులో తేల్చేసి, దశాంశం తర్వాత బారెడు అంకెలున్న జవాబును నా ముఖం ముందు పెట్టేసరికి, మెచ్చుకోవాల్సింది పోయి విసుక్కున్నాను. పాపం, దానికేం తెలుసు! ఆ పది పౌండు మోల్స్ మీద నా కోపం దాని వయసుకన్నా చాలా పాతది.

అరవయ్యో దశకం చివర్లో బీయస్సీ పూర్తిచేసి, మా జిల్లాలోనే ఒక పంచదార ఫ్యాక్టరీ లాబొరేటరీలో చేరాను. చెరకురసం తేటపడాలంటే గంధకం కాల్చిన పొగను అందులోకి పంపాలి; తక్కువైతే పంచదార నల్లబడుతుంది, ఎక్కువైతే రసం పులుపెక్కి పలుకు కట్టదు. ఆ యేడు కొత్త గంధకం పొయ్యి ఒకటి సాలూరు లారీలో వచ్చి దిగింది. దాంతో వచ్చిన ఇంగ్లీషు కాగితం మీద, పొగ గంటకు పది పౌండు మోల్స్ అని ఉంది. మోల్ అంటే బెదిరిపోకండి, డజనులాగే అదీ ఒక లెక్క, కాకపోతే అణువులకు. పౌండు మోల్ పెద్ద డజను, గ్రాము మోల్ చిన్న డజను, కిలో మోల్ అంటే ఆ చిన్నవి వెయ్యి అనుకోండి. దేశం కిలోల్లోకి మారింది కనక ఫ్యాక్టరీ లెక్కలు గంటకు కిలో మోల్స్‌లో ఉండాలి, పొయ్యికి బిగించిన మీటరేమో సెకనుకు గ్రాము మోల్స్ చూపిస్తుంది. ఒకే పొగకు మూడు కొలతలు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

లెక్క కష్టమై కాదు, మావాళ్ల చెయ్యి పెద్దదై వచ్చింది చిక్కంతా. మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో నరసన్నపేట బజారులో సరిగ్గా తూచి ఇచ్చేవాడిని పిసినారి అనేవారు. ధాన్యం కొలిచాక పైన ఓ దోసెడు, చింతపండు తూచాక ఓ పిసరు, కొసరు పడితేనే కొలత పూర్తయినట్టు. కొసరు వెయ్యని కొట్టు గుమ్మం మా అమ్మ రెండోసారి తొక్కేది కాదు.

పది పౌండు మోల్స్‌ను కిలో మోల్స్ చేస్తే నాలుగున్నర, పైన కాస్త చిల్లర. అక్కడ ఇంజినీరుగా ఉన్న మా బావ, అంటే మా అక్క మొగుడు, దాన్ని ఐదు చేశాడు. ఆ ఐదును గ్రాము మోల్స్‌లోకి మార్చిన పెద్ద కెమిస్టు గారు, ఒకటీ పాయింటు మూడు తొమ్మిది చూడ్డానికి బాగోలేదని ఒకటిన్నర చేశారు. పొయ్యి దగ్గరుండే మావయ్య, వరసకే లెండి, ఆ ఒకటిన్నరకు సరిపడా గంధకం వేశాక ఇంకో పార వేసి చేతులు దులుపుకునేవాడు. అసలు మీటరు మీద ఉండాల్సింది ఒకటింపావు.

రసంలో లిట్మస్ కాగితం ముంచీ ముంచగానే ఎర్రబడుతోంది. ముందు బావ దగ్గరికి పరిగెత్తాను.

"ఏటిరా నీ గోల? ఆ సిల్లర కాడ పీనాసితనం సేస్తే మిషిను ముందర మన పరువేటవుతాది?" అన్నాడు.

పెద్ద కెమిస్టు గారు, తాను పెంచింది పిసరే కదా అన్నారు.

మావయ్యేమో, "ఒక్క పార కొసరు, బాబూ. దానికే రసం సెడిపోతాదేటి?" అని నన్నే జాలిగా చూశాడు. ఎవరికి వారు వేసింది కొంచెమేనంటే ఇంకెవరితో పోట్లాడను?

సరిగ్గా ఆ రోజే మా నాన్న చెరకు వచ్చింది. ఫ్యాక్టరీ ఇచ్చిన పర్మిట్టు ప్రకారం చేనంతా కొట్టించి బళ్లకెత్తించాడు; మా ఇంటికి ఆ యేడు ఆధారం ఆ చెరకొక్కటే. లోపల పాకం పలుకు కట్టక, తొట్లు ఖాళీ అవక, మిల్లు ఆగిపోయింది. కొట్టిన చెరకు ఎండుతుందనీ, ఎండినకొద్దీ తూకం పడిపోతుందనీ మీకు చెప్పాలా? నేను లోపల ఆ ముగ్గురి చుట్టూ గిరగిరా తిరుగుతుంటే, నాన్న బయట ఎండలో, బండి నీడన ఎద్దులకు చెరకాకు వేస్తూ కూర్చున్నాడు. మూడో నాటికి, తొట్టెడు రసం పారబోశాక, ముగ్గురినీ ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి చిల్లరతో సహా లెక్క చేయించాను. మీటరు ఒకటింపావుకు దిగింది, అదనపు పార ఆగింది, పూట తిరక్కుండా రసం దారికొచ్చింది.

అప్పుడు నాన్న బళ్లు కాటా ఎక్కాయి. ఎండి తేలికపడ్డ చెరకు. పొగకు అంత ఉదారంగా కొసరు వేసిన ఫ్యాక్టరీ, నాన్న చెరకు దగ్గరికొచ్చేసరికి ముల్లు ఎక్కడ ఆగితే అక్కడికే రాసుకుంది. బావ అక్కడే తల దించుకుని నిలబడ్డాడు. నాకు దుఃఖమూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. నాన్న మాత్రం ఎప్పటిలాగే, తూకమయ్యాక బండిలోంచి నాలుగు గడలు తీసి, కాటా గుమస్తా పిల్లలకని గోడకు ఆనించాడు. ఇవాళ కూడానా అని నేను విసుక్కుంటే, "కొసరెయ్యకుండా ఎలిపోతే ఏటి బాగుంటాదిరా?" అని బండెక్కేశాడు.

మనవరాలి ఫోను చెప్పిన అంకె సరైనదే. అది ఆనాడు మా చేతిలో ఉండి, మావాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు నమ్మి ఉంటే, నాన్న చెరకు పచ్చిగానే తూగేది. అది ఒప్పుకుంటాను. కానీ నిన్న సాయంత్రం కూరగాయల దుకాణంలో కిలో వంకాయలడిగితే, యంత్రం మీద అంకె రవ్వంత ఎక్కువ చూపించిందని, ఆ కొట్టమ్మాయి అన్నిటికన్నా చిన్న వంకాయ ఏరి వెనక్కి వేసేసుకుంది. తప్పేమీ లేదు, కిలోకు కిలో ఇచ్చింది. గోడకు ఆనించిన ఆ నాలుగు గడలు గుర్తొచ్చి, ఇంటికొచ్చేదాకా సంచీలో ఏదో తక్కువైనట్టే అనిపించింది.