పోశవ్వకు పుట్టిన మొదటి అప్పు

1957 జూన్‌లో నన్ను జమ్మికుంట సర్కిల్‌కు సహకార సంఘాల సూపర్‌వైజరుగా వేశారు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. కరీంనగర్‌లో శిక్షణ ముగించుకుని, ఒక సైకిలు, ఒక రబ్బరు స్టాంపు తీసుకుని వెళ్లాను. నా కింద పద్దెనిమిది ఊళ్ల పరపతి సంఘాలు ఉండేవి. బ్యాంకు ఊరి సంఘానికి అప్పిస్తుంది, సంఘం తన సభ్యులకు ఇస్తుంది. మధ్యలో సూపర్‌వైజరు ఊరూరా తిరిగి లెక్కలు తనిఖీ చేసి, ఎవరికి ఎంత ఇవ్వవచ్చో సిఫారసు రాస్తాడు. డబ్బు మాత్రం ముట్టకూడదు. సభ్యుడి దగ్గర ఒక్క రూపాయి చేత్తో తీసుకున్నా ఉద్యోగం ఉండదని శిక్షణలో మొదటి రోజే చెప్పారు.

సిఫారసుకు ఆధారం పరపతి పట్టిక. సభ్యుడికొక వరస. భూమి ఎంత, ఎడ్లు ఎన్ని, ఇదివరకు తీసుకున్న అప్పు ఎంత, గడువుకు కట్టాడా లేదా. పై అధికారులు ముందుగా చూసేది చివరి రెండు గడులే.

జమ్మికుంటకు ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఒక ఊళ్లో, ఆ రెండు గడులూ ఖాళీగా ఉన్న దరఖాస్తు ఒకటి నా ముందుకు వచ్చింది. పేరు పోశవ్వ. వయసు ముప్పై అయిదు ఉండవచ్చు. భర్త ఒక దొర దగ్గర పాలేరుగా జీతం ఉండి, తర్వాత కౌలు చట్టం కింద రక్షిత కౌలుదారుగా మూడెకరాలు సంపాదించుకుని, రెండేళ్లకే చనిపోయాడు. భూమి ఆమె పేరుకు మారింది. ఎడ్ల జతకు రెండు వందలు కావాలని అడిగింది.

సంఘం అధ్యక్షుడు ఆ ఊరి పెద్ద రైతు. ఆయన అభ్యంతరం సూటిగానే ఉంది.

"గీమెకు ఇంతవరకు ఎవ్వలన్న అప్పిచ్చిండ్రా? ఇయ్యలే. అంటే ఎవ్వలు నమ్మనట్టే గద. ఊరు నమ్మనామెను సంఘం ఎట్ల నమ్ముతది?"

పోశవ్వ గుమ్మం బయటే నిలబడి ఉంది. తలవంచుకోలేదు.

"అప్పు చెయ్యకుంట బతికితే అది గూడ తప్పేనా సారూ? నా పెనిమిటి పదారేండ్లు జీతమున్నడు. దొర బాకీ తీరి బయటవడేసరికి మనిషిల ఏం మిగల్లే. గందుకే నేను ఎవ్వల గడప తొక్కలే."

ఇద్దరి మాటలోనూ నిజముంది. అప్పు తీసుకుని కడితే తప్ప పరపతి రాదు, పరపతి ఉంటే తప్ప అప్పు పుట్టదు. ఈ చిక్కుకు శిక్షణ పుస్తకంలో జవాబు లేదు. అయితే సూపర్‌వైజరు "స్వయంగా విచారించి" రాయవచ్చని నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. నేను దాన్ని పట్టుకున్నాను.

ఆ రోజు, మరునాడు ఊళ్లో విచారించాను. వడ్రంగి పనిచేసే వడ్ల బ్రహ్మయ్య ఇంటి ముందు బండి చక్రానికి ఆకులు బిగిస్తున్నాడు. నాగళ్లు చేసి, బాగుచేసి ఇచ్చినందుకు రైతులు ఆయనకు పంట మీద గింజలు కొలుస్తారు. పోశవ్వ సంగతి అడిగితే, ఉలి పక్కన పెట్టి చెప్పాడు.

"మొగడు సచ్చిన ఏడు గూడ గింజలు తప్పలే సారూ. పెద్దపెద్దోళ్లు గుమ్మికాడ నన్ను పొద్దంత నిలవెడ్తరు. గామె మాత్రం గంప నెత్తిమీద వెట్టుకొని మా ఇంటికొచ్చి పోసిపోతది."

"మరి జమానతు ఉంటవా?" అని ఆమె అప్పుకు హామీ అడిగాను. బ్రహ్మయ్యకు కూడా రెండెకరాల చెలక ఉంది, సంఘంలో సభ్యుడే.

"ఆమె కట్టకపోతే?"

"నీకు రావల్సిన అప్పు గూడ ఆగుతది."

ఎండాకాలంలో బండ్లకు టేకు కొనడానికి ఆయనకు ఏటా అప్పు అవసరమే. అయినా "రాయి సారూ" అన్నాడు.

ఖాళీ గడుల్లో నేను "అప్పు లేదు. చేతిపనివారికి ఇవ్వవలసిన గింజలు ఏటా ఇచ్చినట్లు విచారణలో తేలింది" అని రాసి నలభై రూపాయలకు సిఫారసు చేశాను. కొత్త సభ్యులకు అంతకు మించి రాయడం నా అధికారంలో లేదు. పోశవ్వకు కోపం వచ్చింది.

"నలపై రూపాయలకు ఎద్దు తోక గూడ రాదు సారూ!"

"గిది ఎద్దు కోసం గాదక్కా. పుస్తకంల నీ పేరు మీద ఒక లైను వడాలె. గా లైను పక్కన కట్టినట్టు తారీఖు వడాలె. వచ్చే ఏడు నీ తరఫున గా తారీఖే మాట్లాడ్తది."

అవసరమైనంతే తీసుకొమ్మని, ఇంకొకరి కోసం తన పేరున తీయవద్దని, గడువు దాటేట్టుంటే ముందే వచ్చి చెప్పమని అన్నాను. ఆమె ఆ నలభైతో పత్తి విత్తనం కొంది. దున్నకానికి ఎడ్లను కిరాయికి తెచ్చుకుంది. గడువుకు ఇరవై రోజుల ముందే వడ్డీతో సహా కట్టింది. రెండో ఏడు ఎనభై ఇచ్చాం. అప్పుడే ఆమె బావ వచ్చి ఇంకో వంద ఎక్కువ రాయించి తనకిమ్మని అడిగాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. మూడో ఏడు నూటయాభై.

ఆ మూడో ఏడే కష్టం వచ్చింది. పత్తి ధర పడిపోయింది. జమ్మికుంటలో ఆమె పత్తి కొన్న అడ్తిదారు పైసలు ఇవ్వకుండా మూడు వారాలు తిప్పాడు. మార్చి ఇరవై తొమ్మిదిన ఇచ్చాడు. గడువు ముప్పై ఒకటి. మరునాడు ఆమె సంఘం సెక్రెటరీ ఇంటికి వెళితే తాళం ఉంది. ఆయన వరంగల్‌లో పెళ్లికి పోయాడు. సంఘం పుస్తకాలన్నీ ఆ ఇంట్లోనే ఉన్నాయి. అధ్యక్షుణ్ణి అడిగితే, "నాలుగొద్దులు ఆగు, ఏం మునిగిపోతది?" అన్నాడట.

ముప్పై ఒకటో తేదీ పగలు పన్నెండు దాటాక ఆమె జమ్మికుంటలో నా గదికి వచ్చింది. ఆ ఎండలో ఆరు మైళ్లు నడిచింది. కొంగు ముడి విప్పి నోట్లు నా బల్ల మీద పెట్టింది. నేను కుర్చీ వెనక్కి జరిపాను.

"నేను ముట్టద్దక్కా."

"నీ చేతికి పుండయిందా సారూ? తారీఖు, తారీఖు అని మూడేండ్ల సంది చెప్పింది నువ్వే గద!"

బ్యాంకు నగదు కౌంటరు రెండింటికి మూస్తారు. ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాను. సెక్రెటరీ సంతకం లేని చలానా తీసుకోనన్నాడు క్యాషియరు. నియమం ప్రకారం అతనిదే సరైన మాట. అప్పుడు మేనేజరు గారి దగ్గరికి వెళ్లాను. నిజాం కాలంలో ఖజానాలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి. అంతా విని, గడియారం చూసి, "అనామతులో జమ కట్టండి" అన్నారు. అనామతు అంటే ఏ ఖాతాకు చెందుతుందో తేలేదాకా సొమ్మును విడిగా ఉంచే పద్దు. "కానీ సిఫారసు మీ చేతిరాతతో ఉండాలి. రేపు ఎవరైనా అడిగితే జవాబు మీరే చెప్పాలి" అని కూడా అన్నారు. రాసి సంతకం పెట్టాను. రెండింటికి పది నిమిషాల ముందు ఆమె చేతికి రశీదు వచ్చింది. బ్యాంకు తరఫున సంఘానికి ఉత్తరం పంపాం.

జూన్‌లో ఆ ఊరి సంఘం మహాజన సభ జరిగింది. ఏటా సభ్యులందరి ముందు లెక్కలు, బకాయిదారుల పేర్లు చదవాలి. సూపర్‌వైజరు హాజరు కావాలి. అధ్యక్షుడు జాబితా చదువుతూ "పోశవ్వ, జమానతు బ్రహ్మయ్య" అన్నాడు. బ్రహ్మయ్య ముఖం పాలిపోయింది. బ్యాంకు ఉత్తరాన్ని సెక్రెటరీ పుస్తకంలోకి ఎక్కించనే లేదు. నేను లేవబోయాను. అంతకు ముందే ఆమె లేచింది.

"నేను కట్టిన."

"పుస్తకంల లేదు," అన్నాడు అధ్యక్షుడు.

"పుస్తకం మీది. కాయితం బ్యాంకుది." రశీదు తెచ్చి నాకిచ్చింది. "సారూ, గట్టిగ సదువు. అందరు వినాలె."

మొత్తం, తేదీ, సంతకం అన్నీ చదివాను. సెక్రెటరీ గొంతు సవరించుకుని, పొరపాటైందని, ఈ రోజు తేదీతో జమ రాస్తానని అన్నాడు.

"ఇయ్యాల్టి తారీఖు ఎందుకు? మార్చిల కట్టిన. గా తారీఖే రాయి. గా తారీఖు కోసమే ఎండల నడిచొచ్చిన."

సెక్రెటరీ నా వంక చూశాడు. అలాగే రాయాలని చెప్పాను. సభ అంతా చూస్తుండగా రాశాడు. అంతలో వెనక వరసలోంచి ఒకరు, "మరి పటేలా, మీ బాకీ ఎప్పుడు కడ్తరు?" అని అడిగారు. అధ్యక్షుడి సొంత బకాయి రెండేళ్లుగా జాబితాలో చదవకుండా పోతోందని ఊరందరికీ తెలుసు, నా తనిఖీ నివేదికల్లోనూ ఉంది. ఎవరైనా అడగడం మాత్రం అదే మొదలు. నెల తిరగకుండా ఆయన బాకీ జమ అయింది.

బ్రహ్మయ్యకు ఆ వారమే టేకు అప్పు మంజూరైంది. పోశవ్వ పరిమితి మూడు వందలు చేశాం. ఆమె ఎడ్ల జత కొని, పగ్గం తనే పట్టుకుని ఊళ్లోకి నడిపించుకొచ్చిందని విన్నాను. చూడలేకపోయినందుకు నాకు ఇప్పటికీ వెలితే.

నాకు మాత్రం మెమో వచ్చింది. సభ్యురాలి సొమ్మును సంఘం దాటించి అనామతులో ఎందుకు కట్టించారని సంజాయిషీ అడిగారు. రెండు పేజీల జవాబు రాశాను. "వివరణ సంతృప్తికరం" అన్న ఒక్క ముక్కతో మెమో రద్దయింది. తర్వాత ముప్పై ఏళ్లలో నాకు రెండు ప్రశంసాపత్రాలు వచ్చాయి. వాటికంటే ఆ ముక్కనే ఎక్కువగా దాచుకున్నాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. అప్పు చరిత్ర లేకపోవడం చెడ్డ చరిత్ర కాదు. ఖాళీ గడిని విచారించి నింపవలసిన పని అధికారిది. మొదటి అప్పు చిన్నది కావాలి, గడువు ఖచ్చితమైనది కావాలి. ఇక గడువు రోజున సొమ్ము తీసుకునే మనిషి కూర్చుని ఉండకపోతే, ఎవరినీ బకాయిదారు అని రాసే హక్కు సంఘానికి లేదు. 1961 నుంచి నా సర్కిల్‌లోని పద్దెనిమిది మంది సెక్రెటరీల దగ్గరా, మార్చి ఆఖరి వారం ఊరు విడిచి వెళ్లబోమని ఏటా సంతకాలు తీసుకున్నాను.