లూసేనమ్మ ఇంటిపేరు

పోయిన నెల సూర్యాపేటలో నాకు మునిమనవరాలు పుట్టింది. ఆ పసిగుడ్డు ఇంకా కళ్ళు సరిగ్గా తెరవకముందే దాని పేరు మీద మా ఇంట్లో పెద్ద పంచాయతీ మొదలైంది. నేను అడిగింది ఒక్కటే. నా కూతురి పేరు లూసేనా. ఆ పేరే ఈ బిడ్డకూ పెట్టమన్నాను. అమ్మమ్మ పేరు మనవరాలికి పెట్టుకోవడం మన ఇళ్ళల్లో కొత్త సంగతేమీ కాదు గనుక, ముసలిదాని ఇంత చిన్న కోరికకు ఎవరు అడ్డు చెబుతారులే అని నిబ్బరంగా కూర్చున్నాను. మనవరాలు దవాఖాన మంచం మీదనే ఫోన్ తీసి, ఏదో వెతికి, నా ముందు పెట్టింది.

"అమ్మమ్మా, గా లూసేనా అన్నది పేరు కాదంట. స్పెయిన్ దేశపోళ్ళ ఇంటిపేరంట. సూడు, ఆ ఇంటిపేరున్న గొప్పోళ్ళందరినీ ఈడ రాసిన్రు."

నాకు ఇంగ్లీషు చదవడం కొద్దిగా వచ్చు. కళ్ళద్దాలు సవరించుకొని చదివాను. వందల ఏళ్ళ కిందటి సేనానులట, ఓడలెక్కి ఎవరి దేశాలనో ఆక్రమించుకోవడానికి పోయిన దొరలట, మతాచార్యులట, కాలితో బంతిని తన్నేవాళ్ళు కొందరు, చేత్తో విసిరేవాళ్ళు కొందరు, ఒక సినిమా నటి. ఆడవాళ్ళను వెతుక్కోవలసి వచ్చింది. పై నుంచి కింది దాకా, మళ్ళీ కింది నుంచి పై దాకా చూశాను. నా కూతురికి ఆ పేరిచ్చిన మా సిస్టరమ్మ, లూసేనమ్మ, లేదు.

అప్పుడే గది లోపలికి వచ్చిన మనవరాలి భర్త, కోదాడ వాళ్ళబ్బాయి, మంచివాడే, కానీ నోరు ఊరుకోదు, విషయం విని ఫక్కున నవ్వాడు. "ఇంటిపేరు తీసుకొచ్చి పిల్లకి పెట్టేశారా అమ్మమ్మగారూ? మీ కాలం వాళ్ళు భలే అమాయకులండీ," అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది నాకు. బాలింత గదిలో గొంతు పెంచకూడదు గనుక నోరు మూసుకొని మిర్యాలగూడ బస్సెక్కాను. దారి పొడుగునా లోపల్లోపలే రగిలిపోయాను. నా తోటి వయసు వాళ్ళకు చెప్పుకుంటే తప్ప ఈ మంట చల్లారేలా లేదు.

మాది పెన్‌పహాడ్ పక్కన కూలీనాలీ చేసుకునే కుటుంబం. మా క్రైస్తవ గుడి ఫాదరు దయవల్ల నేను నర్సు శిక్షణ ముగించుకొని మొదటి ఉద్యోగానికి చేరింది కోదాడ నుంచి నడిగూడెం పోయే దారిలో ఉన్న మిషన్ దవాఖానలో. దవాఖాన అంటే ఇప్పటి అద్దాల మేడలను ఊహించుకోకండి. రెండు పెంకుటి గదులు, ముందొక వసారా, పాత జీపు ఒకటి, ఆ జీపును తోయడానికి మేము. అన్నిటికీ పెద్ద దిక్కు స్పెయిన్ దేశం నుంచి వచ్చిన ఒక సిస్టరమ్మ. తాటిచెట్టంత పొడవు, ఎండకు కందిపోయిన ముఖం, కాళ్ళకు మగవాళ్ళ తోలు చెప్పులు. గుడి ఫాదర్ల తెలుగు పుస్తకంలోంచి వచ్చినట్టుండేది కానీ, ఈమె మాత్రం తెలుగును నాట్లకు పోయే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంది. అందుకని హైదరాబాదు నుంచి పెద్ద డాక్టర్లు తనిఖీకి వచ్చినా సరే, "ఏందయ్యా, గింత ఆలస్యం చేసినవ్?" అని కూలితల్లిలా మాట్లాడేది. వాళ్ళు బిత్తరపోయి చూస్తుంటే మేము కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళం.

వచ్చిన కొత్తలో ఎవరు పేరు అడిగినా ఆమె వాళ్ళ దేశపు పద్ధతిలో మరియా లూసేనా అని చెప్పిందట. మన పద్ధతిలో ఇంటిపేరు ముందుంటుంది, అసలు పేరు చివర ఉంటుంది కదా. కాబట్టి మన వాళ్ళు లూసేనా అంటే పేరనీ, మరియా అంటే ఇంటిపేరనీ తీర్మానించుకున్నారు. పాలకీడు నుంచి వచ్చే ఒక ముసలమ్మ అయితే ఇంకో మెట్టెక్కి, ఈమె సాక్షాత్తూ మరియమాత వాళ్ళింటి ఆడబిడ్డ అని ఊరంతా చాటింది. దవాఖాన వాకిట్లో అడుగుపెట్టగానే ఆమెకు దండం పెట్టడం, ఆమె చెయ్యి కళ్ళకద్దుకోవడం అందుకే మొదలైందని నా అనుమానం. మరియమాత చుట్టంతో వాదులాట ఎందుకని గొడవపడే మొగుళ్ళు కూడా అణిగిమణిగి ఉండేవాళ్ళు.

ఆమె చేతిలో కాన్పైన ఆడపిల్లలకు ఆ పేరు పెట్టుకోవడం ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మా క్రైస్తవుల ఇళ్ళల్లోనే కాదు, ఇరవై ఒకటో రోజు దాకా బిడ్డకు పేరే పెట్టని హిందువుల ఇళ్ళల్లో కూడా, ఆ రోజు రాగానే బెల్లమన్నం గిన్నె పట్టుకొని దవాఖానకు వచ్చి, నీ పేరే పెట్టుకున్నాం సిస్టరమ్మా అని చెప్పిపోయేవాళ్ళు. ఒకసారి ఒక పెద్ద రైతు కోడలూ, అదే రైతు పొలంలో నాటు వేసే మనిషీ ఒకేసారి నొప్పులతో వచ్చారు. రైతు తల్లి వేరే గది కావాలని పట్టుబట్టింది. సిస్టరమ్మ రెండు మంచాలనూ ఇంకాస్త దగ్గరికి జరిపించి, తలుపు దగ్గర అడ్డంగా నిలబడింది. ఆ గదిలోనే పుట్టిన ఇద్దరు ఆడపిల్లలకూ ఇదే పేరు. పొలం గట్టు మీద వాళ్ళవి వేరు వేరు బతుకులైనా పిలుపు మాత్రం ఒక్కటే అయింది. ఆ రోజుల్లో అదేం చిన్న సంగతి కాదు, మీకు తెలుసు.

ఇక నా కూతురి సంగతి. నేను తల్లి లేనిదాన్ని, అందుకని కాన్పుకు మా అత్తగారే వచ్చి నా దగ్గరుంది. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. ముసురు పట్టి వాగులు పొంగి, మిర్యాలగూడ పెద్ద దవాఖానకు పోయే దారి లేదు. నర్సును గనుక నాకేం జరగబోతుందో నాకు బాగా తెలుసు, ఆ తెలియడమే పెద్ద శిక్ష. సిస్టరమ్మ మాత్రం నా మోకాలి మీద చెయ్యేసి, "భయపడకు బిడ్డా, నేను గీడనే ఉన్న, యాడికీ పోను," అని అంటూనే, చెమటలు కక్కుతూ బిడ్డను బయటికి తీసింది. నేనూ దక్కాను, బిడ్డా దక్కింది. మా అత్తగారు ఆ బిడ్డను ఒళ్ళో పెట్టుకొని, దీనికి నీ పేరే అని ప్రకటించింది.

ఎందుకో ఆ రోజు సిస్టరమ్మ ఊరుకోలేదు. చేతులు తుడుచుకుంటూ, నా పేరు మరియా, లూసేనా అనేది మా నాయన ఇంటిపేరు, మీరంతా తిరగేసి పిలుస్తున్నారు అని విడమరిచి చెప్పింది. మా అత్తగారు చదువురాని మనిషే గానీ బుర్ర తక్కువ మనిషి కాదు. బిడ్డను ఒళ్ళో సర్దుకుంటూ అడిగింది.

"మరి మీ నాయన ఇంటిపేరు నిలబెట్టేటోళ్ళు ఎవలున్నరమ్మా?"

సిస్టరమ్మ ఎవరూ లేరంది. వాళ్ళ నాయనకు తానొక్కతే సంతానం, తాను సన్యాసం పుచ్చుకుంది, ఆ ఇంట్లో ఆ పేరు తనతోనే ఖతమని నవ్వుతూనే చెప్పింది కానీ, ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు. సన్యాసినికి మాత్రం నాయన గుర్తుకు రాడా?

"ఖతం ఎట్లయితది?" అంది మా అత్తగారు. "మేం లేమా? పేరైతేంది, ఇంటిపేరైతేంది, పిలిస్తె పలికే మనిషి ఉండాలె. మేం నిలబెడతం తియ్."

సిస్టరమ్మ గోడ వైపు తిరిగి చాలాసేపు చెయ్యి తుడుచుకుంటూనే ఉంది. అప్పటికి ఆ చెయ్యి ఎప్పుడో ఆరిపోయింది.

ఆ మాట దవాఖాన దాటి ఊళ్ళకు పోయింది. తర్వాత పెట్టిన వాళ్ళందరికీ అది ఇంటిపేరని తెలుసు. అమాయకులట! మేము తెలియక పెట్టామని వీళ్ళ లెక్క. మన దేశంలో ఆడపిల్లకు ఇంటిపేరు కిరాయి ఇల్లు లాంటిది, పెళ్ళి కాగానే ఖాళీ చేసి పోవాలి. సొంత పేరొక్కటే చచ్చేదాకా మనది. అందుకని ఆ తల్లి ఇంటిపేరును తెచ్చి, ఎవరూ ఖాళీ చేయించలేని చోట పెట్టుకున్నాం. ఇంతకన్నా తెలివైన పని ఏ చదువుకున్నవాళ్ళు చేశారో నాకు చెప్పమనండి.

క్రిస్మస్ పండక్కి దవాఖాన వాకిట్లో పిల్లలకు బూందీ పంచేటప్పుడు, నేను కావాలనే గట్టిగా లూసేనా అని పిలిచేదాన్ని. నలుమూలల నుంచీ గౌన్లు, లంగాలు ఎగురుకుంటూ పిల్లలు పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ముక్కు కారేవాళ్ళు, రిబ్బన్లు ఊడినవాళ్ళు, నడక రాక అక్కల చంకనెక్కినవాళ్ళు. సిస్టరమ్మ ముఖం దాచుకొని నవ్వేది, ఇంకోసారి పిలువు అని నన్నే బతిమాలేది. ఆమె అక్కడే ముసలిదై, అక్కడే కన్నుమూసింది. ఇప్పుడక్కడ కొత్త భవనం లేచింది. ముందు నల్లరాతి మీద సిమెంటు ఇచ్చినవాళ్ళ పేర్లూ, ప్రారంభించినవాళ్ళ పేర్లూ బంగారు అక్షరాలతో చెక్కారు. పురుడు పోసిన మనిషి పేరు లేదు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

తర్వాత మళ్ళీ సూర్యాపేట పోయినప్పుడు ఇదంతా నిమ్మళంగా మనవరాలికి చెప్పాను. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నన్ను శాంతపరచాలని, ఫోన్‌లోని ఆ గొప్పవాళ్ళ వరుసలో ఎవరైనా రాయవచ్చట, అందులో మా సిస్టరమ్మను కూడా తానే చేర్చింది. కోదాడలో ఎన్నో ఏళ్ళు కాన్పులు చేసిన సన్యాసిని అని రాసింది. నేను పొంగిపోయాను. సాయంత్రానికి చూస్తే ఎవరో తీసిపారేశారు. ఆమె గొప్పదనానికి ఆధారం కావాలట, ఏదైనా పేపర్లోనో పుస్తకంలోనో వచ్చి ఉండాలట. ఆధారమా? నా పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న నా కూతురు ఆధారం కాదా? బంతిని తన్నిన వాడికి ఆధారం ఉందట, ఎదురుకాళ్ళ బిడ్డను బతికించిన దానికి లేదట. పేరు గొప్ప ఊరు దిబ్బ అని మన పెద్దలు ఊరికే అనలేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ నొప్పించింది మాత్రం ఆ కూతురే. మిర్యాలగూడలో బడి టీచరుగా పనిచేసి రిటైరైంది. నా పక్షాన మాట్లాడుతుందనుకుంటే, కాయలు పక్కన పెట్టి మెల్లగా అంది.

"అమ్మా, ఈ పేరేంది, ఏడి పేరు అని జీవితమంతా జవాబు చెప్పుకుంట బతికిన. హాజరు పిలిసేటప్పుడు పిల్లలు నవ్వేటోళ్ళు. నా మనవరాలికి ఆ తిప్పలు వద్దు."

అన్నేళ్ళు ఆ సంగతి నాతో ఒక్కసారైనా అనలేదు చూడండి. కోపం వచ్చిందా అంటే వచ్చింది, ఆమె మీద కాదు, నవ్విన వాళ్ళ మీద. వాళ్ళ తల్లులకు ఎవరు పురుడు పోశారో వాళ్ళకేం తెలుసు?

మొన్న ఆదివారం సూర్యాపేట గుడిలో జ్ఞానస్నానం అయింది. బిడ్డ పేరేమిటని ఫాదరు అడిగితే, మనవరాలు ఒకసారి నా వైపు చూసి, తల దించుకొని, ఫోన్‌లో ఏరుకున్న పేరేదో చెప్పింది. రెండక్షరాలు. అర్థమేమిటని నేను అడగలేదు, అడిగితే వెతికి చెబుతారు. నీళ్ళు తలమీద పడగానే ఆ పసిది కెవ్వుమంది. బిడ్డ మీద నాకేం కోపం? నా చేతులతోనే కొంగుతో తల తుడిచాను.

తర్వాత ఫంక్షన్ హాల్లో భోజనాలు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ చుట్టాలు, పాత దవాఖాన ఎరిగిన వాళ్ళు చాలామంది వచ్చారు. పిల్లలు కుర్చీల మధ్య పరుగులు తీస్తున్నారు. నా కూతురు ఎక్కడో దూరంగా ఉంటే, నాకు మంచినీళ్ళు కావలసి, మామూలుగానే గట్టిగా పిలిచాను, లూసేనా, ఇటు రా అని.

నా కూతురు తిరిగింది. అన్నం వడ్డిస్తున్న ఒక మనిషి గరిటె పట్టుకునే తిరిగింది. నగలు పెట్టుకొని ముందు వరుసలో కూర్చున్న ఒక రైతు ఇంటి ఆడపడుచు తిరిగింది. నడిగూడెం నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు, తింటున్న చెయ్యి ఆపి తిరిగారు. ఒకరినొకరు చూసుకొని అందరూ ఒక్కసారే నవ్వారు. మనవరాలు బిడ్డను ఎత్తుకొని అలా చూస్తూ ఉండిపోయింది. సిస్టరమ్మ ఉంటే ఇంకోసారి పిలువు అనేది కదా అనుకొని నేనూ నవ్వబోయాను కానీ, అంతలోనే వాళ్ళ తలల మీద నా చూపు పడింది.

ఆ పరుగులు తీసే పిల్లల్లో ఒక్కరూ ఆగలేదు. తిరిగిన తలలన్నీ నెరిసినవే.