కొత్త రోడ్డు మీద ఆరబోసిన వడ్లు

ఆదివారం వచ్చిందంటే మా సముద్రం రోడ్డు మీద అడుగు పెట్టలేం. నెల్లూరు నుంచి కార్లూ బైకులూ రయ్యిమని బీచికి పోతుంటాయి. నడుమ డివైడరు, అటూ ఇటూ రొయ్యల గుంటలు, ధాబాలు. నాకు ఒళ్లు మండుతుంది. అంత తొందరగా పోయి ఏం చూస్తారో మరి.

ఆ రోడ్డు ఒకప్పుడు కాలవగట్టు. మా నాయన చిన్నప్పుడు దాని మీద బండికి బండి ఎదురైతే ఒకటి చేలోకి దిగాల్సిందేనట. తర్వాత గ్రావెల్ పోశారు. వానాకాలం బురద, ఎండాకాలం ఎర్రదుమ్ము. సముద్రపొడ్డు పల్లెల ఆడవాళ్లు చేపల గంపలతో ఆ దుమ్ములోనే నడిచొచ్చేవాళ్లు. మా ఊరి చర్చి దగ్గర రోడ్డు వంకర తిరుగుతుంది. కాలవ తిరిగింది కాబట్టి రోడ్డూ తిరిగింది, అంతే.

నేను బడికి పోయే రోజుల్లో దానికి తారు వేశారు. ఊరంతా వచ్చి చూసింది. బస్సు వస్తుందన్న సంగతి మాకు తర్వాత తట్టింది. ముందు తట్టింది, ఎంత మంచి కళ్లం అని. పేడతో అలకక్కర్లేదు, వడ్లలో మట్టిబెడ్డ కలవదు.

ఆ ఏడే మా నాయనమ్మకు సొంత చేను అమిరింది. ఊహ తెలిసినప్పటినుంచీ ఒకరి పొలంలో నాట్లేసిన మనిషి. తొలి పంట బియ్యంతో కోత పండగనాడు చర్చికి వచ్చినవాళ్లందరికీ అన్నం పెడతానని దేవుడికి మాటిచ్చుకుంది. ఆ వడ్లు ఎవరినీ ముట్టనీయకుండా తనే మోసుకొచ్చి కొత్త రోడ్డు మీద పోసింది. తారు ఇంకా పచ్చిగానే ఉందని ఎవరికి తెలుసు? మధ్యాహ్నం ఎండకు మెత్తబడింది. సాయంత్రానికి అడుగు వడ్లు రోడ్డుకు అతుక్కుపోయాయి, పై వడ్లకు తారు కంపు పట్టింది. మర పట్టించి, ఎన్ని నీళ్లతో కడిగినా బియ్యానికి ఆ కంపు పోలేదు.

"అంగట్లో బియ్యం తెచ్చి వండుదాంలేమ్మా, ఎవరికి తెలస్తది?" అన్నాడు నాయన.

"దేవుడికి తెలీదా? నేను పెడతానన్నది నా చేని బియ్యం. తింటే తింటారు, లేకుంటే లేదు."

అన్నదే గానీ, ఎసట్లో పోసే ముందు ఆ బియ్యాన్ని ఇంకోసారి కడిగింది.

ఆరాధన అయ్యాక చర్చి ముందు బంతులు కూర్చున్నాయి. ఆకుల్లో అన్నం పడగానే ముఖాలు మారాయి. పాస్టరు అయ్యగారు ఒక ముద్ద మింగి నీళ్లు తాగారు. మిగతావాళ్లు మెతుకులు అటూ ఇటూ జరిపి, మర్యాదగా ఆకులు మడిచి లేచిపోయారు. ఆ మర్యాదే నాయనమ్మను చంపేసింది. గరిటె పట్టుకుని గోడ వారగా నిలబడిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

ఆఖరి బంతికి రోడ్డు కూలీలు వచ్చారు. ఊరి బయట గుడారాల్లో ఉన్నవాళ్లను అయ్యగారే పిలిచారు. ఆకుల మీదికి వంగినవాళ్లు తల ఎత్తలేదు. చీరకొంగు నిండా తారు మరకలున్న ఒకామె ఆకు ముందుకు జరిపి, "ఇంకొంచెం పెట్టమ్మా" అంది.

"వాసన రాలా నీకు?" అని అడిగింది నాయనమ్మ.

ఆమె ముద్దను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "ఏం వాసనమ్మా? కొత్తబియ్యం, కమ్మగుంది."

నాయనమ్మ ఆమెకు వడ్డించి, తనకూ ఒక ఆకు వేసుకుంది. పొద్దున్నుంచి మెతుకు ముట్టని మనిషి, ఆమె పక్కనే కూర్చుని కడుపునిండా తిన్నది.