పండని రసాలూ, నా సెట్టింగ్స్ ఫైలూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటుందని ఎవరైనా అంటే, పాపం వాళ్ళకి తెలీదులే అని జాలిపడేదాన్ని. ఇంజినీరింగు అయిపోయి, ఉద్యోగం ఇంకా రాని (నా లెక్కలో, నేనింకా ఏ ఉద్యోగాన్నీ ఒప్పుకోని) వేసవి అది. ముసునూరులో మా పెదనాన్న మామిడికాయలు మగ్గబెట్టడానికి కొత్తగా ఒక గది కట్టించాడు. దాన్ని నడిపే ప్రోగ్రాం నేనే రాశాను. లోపల వేడి ఎంత ఉండాలో ఒక చిన్న సెట్టింగ్స్ ఫైల్లో ఉంటుంది. ప్రోగ్రాం తెరవగానే అది చదువుకుని, దాని ప్రకారం గదిని నడుపుతుంది. మూసేటప్పుడు మళ్ళీ అన్నీ ఆ ఫైల్లోనే భద్రంగా సేవ్ చేస్తుంది. ఈ రెండో ముక్క ఎవరూ అడగలేదు, నేనే ముచ్చటపడి పెట్టాను.

సరిగ్గా అప్పుడే పెదనాన్న కూతురు, మా అక్కకి చింతలపూడి సంబంధం వచ్చింది. అబ్బాయికి అక్క నచ్చింది, అక్కకి అబ్బాయి మరీ నచ్చాడు. ఇక వాళ్ళమ్మగారు ఆదివారం భోజనానికొచ్చి మాటివ్వడమే మిగిలింది. ఆవిడకి చిన్న రసాలంటే ప్రాణమట. పెదనాన్న ఊరుకోవచ్చుగా! "మా పిల్ల కంప్యూటర్‌తో పండించిన రసాలు తిందురుగాని, రండి వదినగారూ" అని ఫోన్లో గొప్పలు పోయాడు. అక్క నా చెయ్యి పట్టుకుని, "పరువు తియ్యకే తల్లీ" అంది. "నేనున్నాగా" అన్నాను.

కాయలు గదిలో పెట్టాక చూస్తే, ఖాళీ గదిలో పరీక్ష కోసం పెట్టిన పదమూడు డిగ్రీలే ఫైల్లో ఉన్నాయి. ఆ చలికి కాయ పండదు. వెంటనే ఇరవై అని రాసి, సేవ్ చేసి, కొత్త అంకె చదువుకోవాలి కదా అని, నడుస్తున్న ప్రోగ్రాంని మూసి మళ్ళీ తెరిచాను. మర్నాడు పెద్దమ్మ గదిలోంచి చేతులు రుద్దుకుంటూ వచ్చి, "లోపల వణుకు పుడుతోందేంటే?" అంది. "ఇరవై పెట్టాను పెద్దమ్మా, నీకే ఒంట్లో బాగున్నట్టు లేదు, శాలువా కప్పుకో" అన్నాను. (కప్పుకుంది కూడా, పిచ్చితల్లి.) శనివారం ఫైలు తెరిస్తే మళ్ళీ పదమూడు! ఇంకేముంది, పెదనాన్న మీద పడ్డాను. "నేనా మౌసే పట్టుకోలేదమ్మా, ఒట్టు!" అని ఆయన మొత్తుకున్నా వినకుండా కంప్యూటర్ గదికి తాళం వేశాను. మళ్ళీ ఇరవై రాశాను, మళ్ళీ మూసి తెరిచాను, దర్జాగా నిద్రపోయాను.

ఆదివారం పొద్దున కాయలు రాళ్ళు. ఫైల్లో పదమూడు. తాళంచెవి నా దగ్గరే. అప్పుడు చూశాను, ఆ ఫైలు ఎప్పుడు మారిందో. సరిగ్గా నేను ప్రోగ్రాం మూసిన నిమిషానికి. నేను రాసిన ఇరవై, నడుస్తున్న ప్రోగ్రాంకి తెలియనే తెలియదు. మూసేటప్పుడు తన బుర్రలో ఉన్న పదమూడునే భద్రంగా నా ఇరవై మీద రాసేస్తోంది. నేను ముచ్చటపడి పెట్టిన ముక్క! ముందు ప్రోగ్రాం మూసి, తరవాత ఫైలు మార్చి, అప్పుడు తెరిచాను. ఈసారి నిలిచింది. కానీ అప్పటికే వాకిట్లో కారాగింది.

పప్పులోకి మామిడికాయే, పచ్చడిలోకి మామిడికాయే. ఆవిడ విస్తరంతా ఓసారి చూసి, "పండు ఏదండీ అన్నయ్యగారూ?" అంది. పెదనాన్న తల వంచుకున్నాడు. తలుపు చాటున అక్క కళ్ళలో నీళ్ళు. నేను ముందుకొచ్చి, "తప్పు నాదండీ అత్తయ్యగారూ. నాలుగు రోజులాగండి, పండు మీ ఇంటికే తెస్తాను. తిన్నాకే మాటివ్వండి" అన్నాను. పెద్దమ్మ నోటి మీద చెయ్యేసుకుంది.

గురువారం పెదనాన్నని వెంటబెట్టుకుని, బుట్ట ఒళ్ళో పెట్టుకుని చింతలపూడి బస్సెక్కాను. ఆవిడ పండు మెత్తగా నలిపి, మూతి తుంచి, టెంక దాకా జుర్రింది. చేతులు కడుక్కుని, "మీ పిల్ల మాకు నచ్చిందని ఆ రోజే అనుకున్నాం అన్నయ్యగారూ. ఈ పిల్ల ఏంచేస్తుందో చూద్దామని ఆగాను. దీనికి ఎప్పుడూ ఇంత ధీమాయేనా?" అంది. పెదనాన్న నిట్టూర్చి, "పుట్టినప్పుడే సేవ్ అయిపోయిందమ్మా, ఎన్నిసార్లు మార్చినా మళ్ళీ అదే వస్తోంది" అన్నాడు.

ఆయన లెక్క తప్పింది. ఇప్పుడు ఫైల్లో ఒక్క అంకె మార్చాలన్నా కాపీ తీసుకుని, ఇద్దరికి చూపించి గానీ సేవ్ చెయ్యను. నా ప్రోగ్రాములు బుద్ధిగా నడుస్తున్నాయి. కానీ ఆ బుట్ట పట్టుకుని బస్సెక్కమంటే మాత్రం, ఇప్పుడు నేనెక్కను. అక్క పెళ్ళి అప్పటి ఆ పిల్ల చేతిలో పడబట్టి సరిపోయింది.