ముందు వాళ్ళ కాగితం

సౌదీ అరేబియాలో, అల్ ఖోబర్‌లోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో విద్యార్థుల నమోదు విభాగాన్ని ముప్పై ఏళ్ళకు పైగా నేను నడుపుతున్నాను. చేరే వారి ఫారాలు, చదువు మధ్యలో మానుకొనే వారి ఫారాలు, మార్కుల పత్రాలు, అన్నీ నా గాజు కిటికీ దగ్గరికే రావాలి. వచ్చిన ప్రతి కాగితం మీద తేదీ, వరుస సంఖ్య, ముద్ర వేస్తాను. ఏ రోజు కాగితం ఆ రోజే బయటికి వెళ్ళాలి. నా దగ్గర పనిచేసిన గుమాస్తాలు చాటుగా నన్ను గడియారం అని పిలుచుకొనేవారు. ఆ పేరు నాకెన్నడూ అవమానంగా తోచలేదు.

గత ఏడాది ఎండలు కాస్త తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక ఆదివారం ఉదయం, మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులోని కుర్రాడు ఒకడు నా కిటికీలోంచి ఒక ఫారం లోపలికి తోశాడు. మెకానికల్ మూడవ సంవత్సరం విద్యార్థి. వాళ్ళ నాన్నది కడప జిల్లా. ఆయన ఒక కంపెనీలో డ్రైవరు. అల్ అజీజియాలో మేముండే భవనంలోనే పై అంతస్తులో వాళ్ళ కాపురం. కుర్రాడు పుట్టిందీ పెరిగిందీ ఖోబర్‌లోనే.

"ఏమిటిది?" అన్నాను.

"విత్‌డ్రాయల్ ఫారం సార్."

"అది నాకు కనిపిస్తూనే ఉంది. ఎందుకని అడుగుతున్నాను."

"క్లబ్బు వాళ్ళు ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ ఇస్తామన్నారు సార్. ఇక్కడ పుట్టిన పరాయి దేశం వాళ్ళకు టీమ్‌లో ఒక్క స్థానం ఉంది. అది నాకే అంటున్నారు. రోజూ రెండు పూటలా ప్రాక్టీస్. కాలేజీతో కుదరదు. గురువారంతో ఆటగాళ్ళ రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది."

"ఇది కాక నీకు మిగిలినవి మూడే సెమిస్టర్లు. అవి ముగించి ఆడు."

"ఇంజనీరింగ్ నలభై ఏళ్ళకైనా చదవచ్చు సార్. ఈ మోకాళ్ళు నలభై ఏళ్ళకు ఉండవు."

"నలభై ఏళ్ళకు చదువుకోవడానికి వచ్చినవాడిని ఈ కిటికీ దగ్గర నేను ఇంతవరకు చూడలేదు."

"మీరు అప్పటిదాకా ఇక్కడే ఉంటే నేను వస్తాను సార్."

వరుసలో వెనుక నిలబడినవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. ఫారంలో తండ్రి సంతకం చేయవలసిన గడి ఖాళీగా ఉంది. తండ్రి ఇకామా మీద, అంటే ఆయన నివాస అనుమతి మీద, ఉన్న విద్యార్థికి ఎన్ని ఏళ్ళు వచ్చినా ఆ సంతకం తప్పనిసరి. ఆ మాట చెప్పి ఫారం తిరిగి ఇచ్చేశాను.

ఆ కుర్రాడు ఆడుతుండగా నేను చూసింది ఒక్కసారే. ఆటల విభాగం జాబితా ఒకటి సరిచూడడానికి జిమ్‌కు వెళ్ళినప్పుడు, జట్టంతా వెళ్ళిపోయాక అతనొక్కడే గీత దగ్గర నిలబడి బంతి వేస్తున్నాడు. ఏం చేస్తున్నావని అడిగాను. వరసగా యాభై పడాలట. మధ్యలో ఒక్కటి తప్పినా మళ్ళీ ఒకటి నుంచి మొదలు. నలభై మూడవది రింగుకు తగిలి బయట పడింది. అతడు విసుక్కోలేదు, నా వైపు చూడలేదు. బంతి తెచ్చుకొని గీత దగ్గర నిలబడి "ఒకటి" అన్నాడు. అంత క్రమశిక్షణ ఉన్నవాడు డిగ్రీని మాత్రం మధ్యలో వదిలేస్తాననడం నాకు మింగుడు పడలేదు. నాకు ఆట మీద వ్యతిరేకత లేదు. సగంలో ఆగిన పని మీద ఉంది.

మరునాడు ఉదయం నేను ఆఫీసుకు బయలుదేరే వేళకు ఆ కుర్రాడి తండ్రి కింద కంపెనీ కారు తుడుస్తున్నాడు. నన్ను చూసి గుడ్డ బానెట్ మీద వేసి దగ్గరికి వచ్చాడు.

"నిన్న మావాడు మీకాడికి వచ్చినాడంట సార్."

"వచ్చాడు. మీ సంతకం లేదు భాయ్."

"రాత్రి పెట్టినా. పెట్టకుంటే వాళ్ళమ్మ ఏడుపు, వాని మూతిముడుపు. ఇంట్లో ఎవురూ అన్నం తినరు. పెట్టినా గానీ, మీరొక సాయం చెయ్యల్ల."

"చెప్పండి."

ఆయన గొంతు తగ్గించాడు. "ఆ ఫారం గురువారం దాకా మీ సొరుగులో పండుకోనియ్యండి. గడువు దాటిపోతాది. వానికి క్లబ్బూ ఉండదు, నాకు బాధా ఉండదు. ఎవురికీ తెలీదు."

"నాకు తెలుస్తుంది భాయ్. నా సొరుగులో కాగితాలు పండుకోవు."

"అది కాద్సార్. ఆటంటే నాకు కోపమా? వాడు ఆడతాంటే జనం ఈలలేస్తారు, నాకు గుండె ఉప్పొంగుతాది. నా భయం వేరే." ఆ తరువాత ఆయన చెప్పిన సంగతి అంతకు ముందెన్నడూ నేను వినలేదు. పెళ్ళికి ముందు, వీసాకు పూచీగా ఉన్న పాత యజమాని, అంటే కఫీలు, దగ్గర పని మానుకొని ఇంకొక చోట చేరబోయాడట. కొత్త యజమాని మాట మాత్రమే ఇచ్చాడు, కాగితం ఇవ్వలేదు. ఆ మాట నమ్మి ముందుగానే పాత చోట తెగతెంపులు చేసుకున్నాడు. కొత్త యజమాని ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇకామా గడువు తీరిపోయింది. బురైదా అనే ఊరి అవతల ఒక ఖర్జూరపు తోటలో, కడప వాళ్ళే ఇద్దరు దాచి అన్నం పెడితే, ఐదు నెలలు బయట ముఖం చూపకుండా బతికాడు. తోట దారిలో బండి చప్పుడైతే చాలు, గడ్డి మోపుల వెనక్కి పరుగెత్తడమే.

"వీనికి మొన్ననే ఇరవై ఒకటి దాటింది. నా ఇకామా మీద ఉండల్లంటే మీరిచ్చే స్టూడెంట్ ఉత్తరం ఉండల్ల. కాలేజీ వదిలినాక ఆ క్లబ్బోడు చెయ్యిస్తే, నేను పుట్టించిన పిల్లోడే నా ఇంట్లో దొంగ మాదిరి ఉండల్ల."

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆయన కోరికకు ఒక నిమిషం పాటు నా మనసు మొగ్గింది. ఆ కుర్రాడు చదువు మానరాదన్నదే నా అభిప్రాయం కూడా. ఫోటోలో వెనుక రంగు తెలుపు కాదనో, సంతకం గడి దాటిందనో రెండుసార్లు తిప్పి పంపితే గురువారం గడిచిపోతుంది. నన్ను ఎవరూ తప్పుపట్టరు. అయితే నిబంధన ఉన్నది అందరినీ ఒకే వరుసలో నిలబెట్టడానికి. నాకు నచ్చిన ఫలితం రాబట్టడానికి దాన్ని వాడుకున్న రోజున నా ముద్రకు విలువ లేదు. కారు దగ్గర నిలబడి ఆయనకు అదే చెప్పాను. ఆయన గుడ్డ తీసుకొని, అప్పటికే తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడవసాగాడు.

ఆఫీసుకు నడుస్తూ ఆలోచించాను. ఆ తండ్రికి భయం ఆట వల్ల కలిగింది కాదు, చదువు పోతుందనీ కాదు. ఏ కాగితం ముందు, ఏది తరువాత అన్నదే ఆయన భయం. అది నాకు బాగా తెలిసిన విద్య.

తొమ్మిది గంటలకు కుర్రాడు సంతకంతో వచ్చాడు. ఫారంలో లోపం ఏదీ లేదు.

"ఇది నేను తీసుకుంటాను, కాదనే హక్కు నాకు లేదు," అన్నాను. "ముద్ర పడిన క్షణం నుంచి నువ్వు విద్యార్థివి కావు. నీ కఫాలాను, అంటే నీ ఇకామా పూచీని, తమ పేరుకు బదిలీ చేయమని క్లబ్బు మీ నాన్నగారికి అభ్యర్థన పంపిందా?"

"ముందు కాలేజీ పేపర్ తెమ్మన్నారు సార్. తరువాత వాళ్ళే చేయిస్తారట. మాఫీ ముష్కిల్ అన్నారు."

"సమస్యేమీ లేదన్న ఆ మాట నమ్మే మీ నాన్న బురైదాలో ఐదు నెలలు దాక్కున్నాడు."

అతని ముఖం మారింది. "మా అబ్బా నాకెప్పుడూ చెప్పలేదే!"

నేను చెప్పవలసిన మాట కాదది. అయినా చెప్పాను. చెప్పినందుకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. "ముందు వాళ్ళ కాగితం, ఆ తరువాత మన కాగితం. వరుస తప్పితే నువ్వు ఏ గూటికీ చెందవు. ఇది నా సలహా. పాటించడం, మానడం నీ ఇష్టం."

అతడు ఫారం వెనక్కి తీసుకొని, అక్కడే వరండాలో క్లబ్బు మేనేజరుకు ఫోన్ చేశాడు. అరబ్బీలో మాటలు. స్పీకరు పెట్టినందున నాకూ వినిపించాయి. ఇంతవరకు ఏ ఆటగాడూ ఇలా అడగలేదని మేనేజరు అన్నాడు. ఇదే స్థానానికి వరుసలో సూడాన్ కుర్రాడు ఒకడున్నాడు, వాడైతే చెప్పినట్టు చేస్తాడు, నీలాగా వకీలు మాదిరి మాట్లాడడు అన్నాడు.

"అయితే అతన్నే తీసుకోండి," అన్నాడు ఇతడు. "మా నాన్న ఫోనుకు అభ్యర్థన వచ్చేదాకా నేను కాలేజీ వదలను."

అవతల ఫోన్ పెట్టేశారు. కుర్రాడు ఫోన్ జేబులో వేసుకొని నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"పోయింది సార్."

"ఇంకా మూడు రోజులున్నాయి. నీ క్లాసు పది గంటలకు. వెళ్ళు."

మంగళవారం ఏ కబురూ లేదు. బుధవారమూ లేదు. రెండు రోజులూ అతడు అన్ని క్లాసులకూ వచ్చినట్టు హాజరు పట్టీలో చూశాను. సాయంత్రం జిమ్ కిటికీలోంచి బంతి చప్పుడు వినిపిస్తూనే ఉంది. పై అంతస్తు నుంచి దిగి వచ్చే తండ్రి నన్ను చూసి సలాం చేసేవాడు, ఆగేవాడు కాదు.

గురువారం మధ్యాహ్నం జొహర్ నమాజు ముగిసి నా కిటికీ మళ్ళీ తెరిచే సరికి తండ్రీకొడుకులిద్దరూ ఎదురుగా ఉన్నారు. తండ్రి డ్రైవరు యూనిఫాంలోనే ఉన్నాడు. ఫోన్ గాజుకు ఆనించి చూపాడు. క్లబ్బు చివరికి దిగివచ్చి పంపిన బదిలీ అభ్యర్థన. కింద రెండు మీటలు: ఒకటి అంగీకారం, ఒకటి తిరస్కారం.

"ఏది నొక్కల్ల సార్? మీరే చెప్పండి."

"నా అభిప్రాయం మీకు తెలుసు. చదువు పూర్తి కావాలన్నాను, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ మీట నాది కాదు. ఫారం సొరుగులో దాచి నన్ను చేయమన్నది ఈ కాదనడమే. కాదనాలనుకుంటే మీ అబ్బాయి ఎదుటే కాదనండి."

ఆయన కొడుకు వైపు తిరిగాడు. "రేయ్, సంవత్సరానికే కదరా ఈ కాంట్రాక్ట్?"

"సంవత్సరానికే అబ్బా."

"సంవత్సరం అయినాక వద్దు పొమ్మంటే?"

"ఇంకో క్లబ్బు చూసుకుంటా."

"ఎవురూ వద్దంటే?"

"ఎగ్జిట్ వీసా కొట్టించుకొని కడపకు పోతా. ఆడ కాలేజీలో చేరతా. దాక్కోను అబ్బా. ఒక్క దినం కూడా దాక్కోను."

"కడప ఎండ నీకు తెలుసారా?"

"ఖోబర్‌లో పుట్టినోన్ని ఎండ గురించి అడుగుతావా?"

మా ప్యూను కిసుక్కున నవ్వాడు. తండ్రి కూడా నవ్వబోయి ఆగిపోయాడు. "పుట్టినకాన్నుంచి వీనికి కఫీలును నేనే సార్," అన్నాడు. "నా కఫీలు నాతో మాట్లాడినట్ల నేను వీనితో ఏ పొద్దూ మాట్లాడల్యా." బొటనవేలితో అంగీకారం నొక్కాడు. రహస్య సంఖ్య వచ్చింది. అంకెలు ఆయన కంటికి ఆనలేదు. కొడుకే ఒక్కొక్కటి చదివాడు, తండ్రి ఒక్కొక్కటి నొక్కాడు.

వాళ్ళను పక్కన నిలబడమని తరువాతి విద్యార్థిని పిలిచాను. బదిలీ పూర్తయిందని సందేశం వచ్చేదాకా నేను ముద్ర ముట్టుకోలేదు. రెండు గంటలకు కిటికీ మూయాలి. ఇంకా పది నిమిషాలుందనగా సందేశం వచ్చింది. అప్పుడు ఫారం తీసుకొని సంఖ్య, తేదీ వేసి, ముద్ర గుద్దాను. నకలు మీద, తిరిగి చేరడానికి మా నిబంధనలు అనుమతించే చివరి సెమిస్టరును ఎర్ర సిరాతో రాసి, కింద గీత గీసి కుర్రాడి చేతికిచ్చాను. అతడు ఆ గీతను చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నాలుగు గంటలకు ప్రాక్టీసు ఉందని చెప్పి, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు.

తండ్రి కదలలేదు. ఆయన ఇకామా మీద ఆధారపడినవారి జాబితా ఫోనులో తెరిచి ఉంది. పొద్దుటి దాకా అందులో భార్య, కొడుకు, ఇద్దరు ఆడపిల్లలు, మొత్తం నాలుగు పేర్లు. ఇప్పుడు మూడు. ఆయన దాన్ని పైకి జరిపి, కిందికి జరిపి చూశాడు. తరువాత తల ఎత్తి, "సరిగ్గానే ఉంది కదా సార్?" అని అడిగాడు.

"సరిగ్గానే ఉంది భాయ్," అన్నాను.