జగ్గయ్యపేట పెళ్లి హాల్లో పన్నెండు ఫోన్లు

జగ్గయ్యపేట వెళ్లాలని నాకు ఏ కోశానా లేదు. ఆ మాట దాచుకోను. హైదరాబాదులో మా కాల్ సెంటర్లో కొత్తగా చేరినవాళ్లకి ఫోన్లో ఎలా మాట్లాడాలో నేర్పడం నా పని. ఒక సెల్‌ఫోన్ కంపెనీకి తెలుగువాళ్లు చేసే ఫోన్లన్నీ మా దగ్గరికే వచ్చేవి. రెండువేల ఎనిమిదిలో అనుకుంటాను, మాకు ఇంకో నలభై సీట్లు అవసరమయ్యాయి. ఉన్న భవనంలోనే పై అంతస్తు తీసుకుందామని మా మేనేజరు అన్నాడు. మా ఊళ్లో పెట్టండి సార్ అని శైలజ అంది.

శైలజ మా దగ్గర టీం లీడరు. సొంతూరు జగ్గయ్యపేట. భర్త అక్కడే సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. మూడేళ్ల కూతురు నిత్య అత్తగారి దగ్గర పెరుగుతోంది. తను మాత్రం దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ, రెండు వారాలకోసారి బస్సెక్కి వెళ్లి పిల్లని చూసుకుని వస్తుంది. మేనేజరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరగా పోరగా, ఆయన విసిగిపోయి, "విజయలక్ష్మి గారిని తీసుకెళ్లి చూపించు. ఆవిడ సరేనంటే సరే" అని ఆ బరువంతా నా నెత్తిన పెట్టేశాడు. అప్పటికే ఊళ్లో పన్నెండుమందిని పోగుచేసి, వెళ్లినప్పుడల్లా శిక్షణ ఇస్తోందట. వాళ్లచేత ఒక ఆదివారం నిజమైన కస్టమర్లతో మాట్లాడించి చూడాలన్నది ఏర్పాటు.

శనివారం తెల్లవారుజామున ఎల్.బి.నగర్‌లో విజయవాడ ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. ఆ దారిన పొద్దున్నే వెళ్లేవాళ్లకి ఒక మాట: కుడివైపు కిటికీ పక్క కూర్చోకండి. నకిరేకల్ వచ్చేసరికి నా సగం మొహం మాడిపోయింది. సూర్యాపేటలో బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ నీళ్లగా ఉంది, టీ మాత్రం ప్రాణం లేచొచ్చేలా ఉంది. అక్కడ ఎక్కిన ఒక తలపాగా పెద్దాయన మా వెనక సీట్లో కూర్చుని, మేం మాట్లాడుకునేదంతా శ్రద్ధగా విని, ముందుకి వంగి అడిగాడు.

"ఫోన్ల ముచ్చట పెడితే జీతమిస్తరా బిడ్డా?"

ఇస్తారన్నాను.

"గట్లనా! మరి మా ముసల్దానికి ఇప్పియ్యరాదు? పొద్దుందాక గదే పని."

ఆయన కోదాడలో దిగిపోయాడు. కాసేపటికి పాలేరు వంతెన దాటాం. నల్గొండ జిల్లా అయిపోయి కృష్ణా జిల్లా వచ్చింది. దారికి రెండువైపులా కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కనుచూపు మేర ఎరుపు. బస్సులో ఒకళ్ల తర్వాత ఒకళ్లం తుమ్ముతూనే ఉన్నాం, అయినా నేను కిటికీ మూయలేదు. అంత ఎరుపు ఒక్కచోట అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చిల్లకల్లు దగ్గర దిగి, షేర్ ఆటోలో ఊళ్లోకి వెళ్లేసరికి పదకొండు దాటింది.

బ్యాగు పెట్టుకుందామంటే ఊళ్లో ఒక్క లాడ్జిలోనూ గది లేదు. "మాఘమాసమండి. రేపు ముహూర్తాలు గట్టివి. పెళ్లివాళ్లు నెల ముందే తీసేసుకున్నారు. నందిగామ వెళ్లి చూసుకోండి" అన్నాడు మూడో లాడ్జి మేనేజరు, జాలిగా. నేను శైలజ వైపు చూశాను. దాని మొహంలో రక్తం లేదు.

"మేడం, హాల్లో కూడా రేపు పెళ్లుందంట" అంది మెల్లగా.

హాలంటే మేం పరీక్ష పెట్టుకున్న కల్యాణ మండపం. తర్వాత సెంటరు పెట్టాలన్నా నలభైమంది కూర్చోడానికి సరిపడా చోటు, జనరేటరు, ఫ్యాన్లు ఉన్నది ఊళ్లో అదొక్కటేనట. ఆదివారమైతే కస్టమర్లు ఇళ్లలో ఉంటారని ఆ రోజు పెట్టింది మేమే. హైదరాబాదులో గోడమీది క్యాలెండరు చూసి తేదీ చెప్పేశాం. పంచాంగం చూడాలని మాలో ఒక్కళ్లకీ తోచలేదు. హాలు యజమాని పెళ్లివాళ్లకీ కాదనలేక, మాకూ కాదనలేక, కింద వాళ్లకీ పైన భోజనాల హాలు మాకూ అని పంచేశాడు. నాకు ఒళ్లు మండింది. కాల్ సెంటరుకి మొదట కావలసింది నిశ్శబ్దం. పెళ్లి నెత్తిమీద కూర్చుని ఏం పరీక్షిస్తాను? ఇక చూడక్కర్లేదు, హైదరాబాదులో పై అంతస్తే ఖాయం అని మనసులో అప్పుడే తీర్పు చెప్పేశాను.

మధ్యాహ్నం భోజనం శైలజ ఇంట్లోనే. గోంగూర, పప్పుచారు, గడ్డపెరుగు. ఆ గోంగూర కోసమైనా మళ్లీ వెళ్లొచ్చు. అయితే భోజనం కన్నా నాకు గుర్తుండిపోయింది నిత్య. తల్లిని చూడగానే పరిగెత్తుకొస్తుందనుకున్నాను. అది నాయనమ్మ కొంగు వెనక దాక్కుంది. శైలజ తెచ్చిన బొమ్మ తీసుకుంది, దగ్గరికి మాత్రం రాలేదు.

"ఫోన్లో అయితే వదలదండీ" అన్నారు శైలజ అత్తగారు. "ఎదురుగా వస్తేనే ఇదిగో, ఇట్టా కొత్త చేస్తది. చూడండి మీరే."

చెప్పినంతసేపు పట్టలేదు. పిల్ల నాయనమ్మ సెల్‌ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. పచ్చ బటన్ రెండుసార్లు నొక్కితే అమ్మ పలుకుతుందని దానికి తెలుసట. శైలజ చేతిలో ఫోన్ మోగింది. తను నా వైపు చూడకుండా వరండాలోకి వెళ్లి, "చెప్పు బంగారం, అన్నం తిన్నావా?" అంది. లోపలి నుంచి పిల్ల గలగలా మాట్లాడుతోంది. ఇద్దరి మధ్యా ఒక్క గోడ ఉంది. గొంతుతో ఎదుటి మనిషిని ఎలా దగ్గర చేసుకోవాలో వందలమందికి పాఠాలు చెప్పినదాన్ని, ఆ గొంతు ఇంత పని చేయగలదని నాకు తెలియదు. భయమేసింది కూడా.

సాయంత్రం బస్సులో నందిగామ వెళ్లాను. గంట లోపు ప్రయాణం, సిమెంటు లారీల వెనక పడితే ఇంకాస్త. బస్టాండు ఎదురుగా లాడ్జిలో గది దొరికింది. బకెట్ వేడినీళ్లకి ఐదు రూపాయలు వేరే. దుప్పటి మీది తెచ్చుకుంటే మంచిది.

ఆదివారం ఎనిమిదిన్నరకల్లా మళ్లీ జగ్గయ్యపేట హాల్లో ఉన్నాను. గుమ్మానికి అరటిచెట్లు, మామిడి తోరణాలు, లోపల మూడొందలమంది. మెట్లెక్కబోతుంటే పెళ్లికూతురి తండ్రి, కొత్త పట్టుపంచెలో, ఎదురొచ్చి నమస్కారం పెట్టారు.

"మీరేనా అమ్మా ఫోన్ల పరీక్షకొచ్చింది? ఎంతసేపుంటదండీ?"

పన్నెండున్నర దాకా అన్నాను, ముక్తసరిగా.

"మైకు సెట్టు కట్టేయించా. సన్నాయి వాళ్లకి మెల్లగా వాయించమని చెప్పా. పిల్లకాయల్ని బయట షామియానా కిందకి తోలా. కాకపోతే ముహూర్తం పదకొండుంబావుకండి. అప్పుడు గట్టిమేళం మోగాల్సిందే. ఆ ఒక్కటీ ఆపమని అడక్కండమ్మా, మీకు పుణ్యముంటది."

"పెళ్లి మీది. మాకోసం మీరెందుకండీ ఇంత ఇబ్బంది పడటం?" అన్నాను.

"మా రెండో అమ్మాయి హరిత మీ పరీక్షలోనే ఉందండీ. అక్క పెళ్లి కిందా, దాని పరీక్ష పైనా. ఇయ్యాల కాదంటే మళ్లీ రారేమోనని నేనే కూర్చోమన్నా. ఊళ్లో ఉద్యోగమంటే మాటలా?"

పైన పన్నెండుమంది భోజనాల బల్లల ముందు కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక సెల్‌ఫోన్, ఇయర్‌ఫోన్లు. రెండింట్లో ఒకటి వాళ్ల చెవిలో, రెండోది నా చెవిలో. అలా పక్కన కూర్చుని వినడమే నా పరీక్ష. మా సేవలు ఎలా ఉన్నాయని కస్టమర్లని అడిగి, వాళ్ల ఫిర్యాదులు రాసుకోవాలి. హరిత రాణీరంగు పట్టుచీరలో, జడ నిండా పూలతో, చివరి బల్ల దగ్గర ఉంది.

మొదటి గంటలోనే నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఒక కుర్రాడు నల్గొండ వైపు రైతుతో మాట్లాడుతూ, "మీరు ఫికర్ పడకుండ్రి, నేను రాసుకుంటున్న గద" అన్నాడు. వెంటనే గుంటూరు ఆవిడతో, "పర్లేదండీ, నిదానంగా చెప్పండి" అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే తెల్లబోయాడు. "నేర్చుకునేదేముందండీ, మా అమ్మమ్మ వాళ్లది కోదాడ" అన్నాడు. ఇదే మేం హైదరాబాదులో మూడు వారాలు నేర్పుతాం, అప్పటికీ సగంమందికి రాదు. పాలేరు అవతలా ఇవతలా చుట్టాలున్న ఊరు మరి.

ఇక ఆ పెళ్లి సంగతి. నేను మధ్యలో ఒకసారి మెట్ల దాకా వెళ్లి కిందకి చూశాను. చూసి అలాగే నిలబడిపోయాను. మూడొందలమంది గుసగుసలాడుకుంటున్నారు. కృష్ణా జిల్లా పెళ్లి, అందులో మైకు లేని పెళ్లి! వియ్యపురాళ్లు చెవుల్లో చెప్పుకుంటున్నారు. వడ్డనవాళ్లు గరిటెలు కూడా చప్పుడవకుండా పెడుతున్నారు. పంతులుగారు మంత్రాలు నిదానంగా, గొంతు తగ్గించి చదువుతున్నారు. ఎవరో ముసలాయన దగ్గు ఆపుకోలేక చేతిగుడ్డ నోట్లో కుక్కుకుని బయటకి పరిగెత్తాడు. ఇదంతా పైన కూర్చున్న పన్నెండుమంది కోసం. వాళ్లలో పదకొండుమంది ఆ పెళ్లివాళ్లకి ఏమీ కారు. నిన్న చిరాకుపడ్డందుకు సిగ్గేసింది.

ముహూర్తం వేళకి నేను హరిత పక్కన ఉన్నాను. కస్టమరు ఎవరో పెద్దావిడ, పొన్నూరు నుంచి. బిల్లులో ఏదో ఎక్కువ పడిందని తగువు పెట్టుకుంటోంది. సరిగ్గా అప్పుడే కింద పంతులుగారి గొంతు ఖంగుమంది.

"గట్టిమేళం! గట్టిమేళం!"

పొద్దుట్నుంచీ బిగపట్టుకున్న డోళ్లూ సన్నాయీ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. బల్లమీది గ్లాసులు అదిరాయి. పైన అందరూ నా వైపే చూశారు. అంతా అయిపోయిందనుకున్నట్టు శైలజ కళ్లు మూసుకుంది.

ఫోన్లో పెద్దావిడ, "ఏందమ్మా ఆ మోత?" అని అరిచింది.

"క్షమించండమ్మా. కింద పెళ్లవుతోంది. మా అక్కదేనండీ" అంది హరిత.

"మీ అక్కదా? మరి నువ్వు నాతో బిల్లు గోల వింటా కూర్చున్నావా? లేచి పోవే తల్లీ! చూసి రా! నేను ఫోన్ పెట్టనులే, పట్టుకునే ఉంటా."

హరిత నా వైపు చూసింది. మాట్లాడుతుండగా సీటు వదలకూడదన్నది మా మొట్టమొదటి నియమం. రాసింది నేనే. దాని చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి నా రెండో చెవిలో పెట్టుకుని, "వెళ్లు" అన్నాను.

అది చీర కుచ్చెళ్లు పట్టుకుని మెట్లవైపు పరిగెత్తింది. నేనూ, ఆ ముక్కూమొహం తెలియని పెద్దావిడా గట్టిమేళం వింటూ ఉండిపోయాం. "పెళ్లికొడుకేం చేస్తాడు?" అని అడిగింది. తెలియదన్నాను. "నా బదులు నాలుగక్షింతలు వెయ్యమని చెప్పమ్మా" అంది. చుట్టూ చూస్తే ప్రతి బల్ల దగ్గరా అదే ముచ్చట. ఎవరి పెళ్లి, ఏ ఊరు, ఏం వండారు! ఒక్క కస్టమరూ ఫోన్ పెట్టేయలేదు. అరనిమిషం ఆగమంటే తిట్టిపోసే జనాన్ని ఇన్నేళ్లుగా చూస్తున్నాను. అలాంటిది, ఊళ్లూ జిల్లాలూ దాటి అంతమంది ఆ పెళ్లి కోసం లైన్లో నిలబడ్డారు.

మేళం తగ్గాక హరిత వచ్చి కూర్చుంది. తలలో అక్షింతలు, కళ్లనిండా నీళ్లు. "ఉన్నారా అమ్మా? మీ అక్షింతలు కూడా వేశానండీ" అని, మిగతా ప్రశ్నలన్నీ వరసగా అడిగింది. పెద్దావిడ బిల్లు తగువు మర్చిపోలేదు. కానీ ఈసారి నెమ్మదిగా చెప్పింది.

పెళ్లిభోజనం చేసి, నాలుగింటికి చిల్లకల్లు దగ్గర తిరుగు బస్సెక్కాం. శైలజ సోమవారం డ్యూటీకి రావాలి. కోదాడ దాటాక దాని ఫోన్ మోగింది. నిత్య. బస్సు మోతలో కూడా ఆ చిన్న గొంతు నాకు స్పష్టంగా వినిపించింది.

"అమ్మా, నువ్వెప్పుడొస్తావ్?"

రెండు రోజులు ఆ ఇంట్లోనే ఉండి, అప్పుడే బస్సెక్కిన తల్లిని అడుగుతోంది. శైలజ, "వచ్చేస్తా బంగారం" అని ఫోన్ పెట్టేసి కిటికీ వైపు తిరిగింది.

నేను మా మేనేజరుకి ఫోన్ చేశాను. జాలిపడి సరేనంటున్నానా అని ఒక్క క్షణం నన్ను నేను అడిగి చూసుకున్నాను. కొంత జాలే, కాదనను. కానీ ఆ పన్నెండుమంది లేకపోతే జాలి నా నోట ఆ మాట పలికించేది కాదు.

"శబ్దం సంగతేంటి?" అన్నాడాయన.

"చాలా ఉంది. ఆ హాలు మనకి పనికిరాదు. ఊరు మాత్రం కావాలి" అన్నాను.

దసరా తర్వాత విత్తనాల కొట్టు పైన పదిహేను సీట్లతో మొదలుపెట్టాం. నలభై కావడానికి ఇంకా టైము పట్టింది. ఆ మధ్యలో ఒకసారి చూడటానికి వెళ్లాను, ఈసారి లాడ్జిలో గది దొరికింది. మధ్యాహ్నం విరామంలో శైలజ నా పక్కన కూర్చుని ఇంటికి ఫోన్ చేసింది. అత్తగారు పిల్లకిచ్చారు.

"ఏం చేస్తున్నావ్ బంగారం? నాతో మాట్లాడవా?"

"సాయంత్రం వస్తావుగా, అప్పుడు చెప్తాలే" అని నిత్య ఫోన్ పెట్టేసింది.

శైలజ మూగబోయిన ఫోన్ చేతిలో పట్టుకుని నా వైపు చూసి నవ్వింది. ఆ సాయంత్రం తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. సూర్యాపేట దాకా నా బ్యాగు అందులోనే పెట్టుకున్నాను.