మార్తక్క రెండో కానుపు

మా వీధి మిల్లులో కారం పట్టే రోజున అందరూ తుమ్ముకుంటూ తలుపులేసుకుంటారు. నేను మాత్రం గుమ్మంలోనే కూర్చుంటాను. ఆ ఘాటు తగిలితే చాలు, వినుకొండ దగ్గర మా కల్లం, నేలంతా ఎర్రగా పరిచిన మిరపకాయలు, కొత్త పత్తి పోగుకి ఆనుకుని వాచిన కాళ్లు చాపుకున్న మా మార్తక్క కనిపిస్తారు.

అక్క రెండో కానుపుకి పుట్టింటికొచ్చిన ఏడాది అది. మొదటిసారి గుర్రపువాతం కమ్మి, ఫిట్సొచ్చి, బిడ్డ కడుపులోనే పోయింది. అందుకే ఈసారి నాన్న గుంటూరు తీసుకెళ్లి చూపించాడు. బీపీ ఉందని, ఉప్పు తగ్గించాలని, కానుపయ్యేదాకా మాత్రలు ఆపొద్దని, బిడ్డ కాస్త చిన్నగా పుట్టినా భయపడొద్దని డాక్టరమ్మ చెప్పింది.

అక్క ఒక్కతే చప్పిడి తింటే ముద్ద దిగదని అమ్మ ఇంటిల్లిపాదికీ ఉప్పు మాన్పించింది. మంచులో పత్తి తీసి, రేగుపళ్లు ఒళ్లో నింపుకుని ఇంటికొస్తే ఉప్పులేని గోంగూర. నాన్న మిరపకాయ కొరుక్కుంటూ మింగేవాడు. "బీపీ నాకా, మీకా?" అని అక్క కడుపు పట్టుకుని నవ్వేది. అంత రుచిగా మళ్లీ ఎన్నడూ తినలేదు.

నెలలు నిండేసరికి వాపు దిగింది. నాయనమ్మ మాత్రలు తీసి కొంగున ముడేసుకుంది. అక్క అడిగితే ఇవ్వలేదు.

"చలవ మందే అది. ఒంట్లో వేడి లేకపోతే నొప్పులెట్టా వస్తయ్యే?"

ఆ ఊళ్లో కానుపులన్నీ చూసిన మనిషి, ఎవరూ ఎదురు చెప్పలేదు. నాలుగు రోజులు తిరక్కుండానే అక్క తల పట్టుకుని కూలబడింది. కళ్లముందు మిణుగురులు తిరుగుతున్నాయంది.

అమ్మ పరిగెత్తుకొచ్చి అక్కని పట్టుకుంది. "అత్తా, మొదటి బిడ్డప్పుడూ ఇదే మాటంది."

నాయనమ్మ కొంగు ముడి విప్పి మాత్ర తనే అక్క నోట్లో వేసింది. నాన్న ఆ ఏటి పత్తంతా బండిలో పరిచి అక్కని పడుకోబెట్టాడు. పేటంతా ప్రార్థన చేసుకుంటూ ఊరి పొలిమేరదాకా బండి వెనక నడిచింది. వినుకొండలో రైలెక్కించారు. ఆసుపత్రిలో సూదులేసి బీపీ దించాక కానుపైంది. మాత్రలు నొప్పుల్ని ఆపవని, ఇంకో పూట ఆలస్యమైతే తల్లి దక్కేది కాదని డాక్టరమ్మ అందట. జానెడంత ఆడపిల్ల, పుట్టీపుట్టగానే కేరుమంది. నాయనమ్మ ఆ పిల్లని గుండెకి హత్తుకుని, దించమన్నా దించలేదట.

ఇప్పుడా కల్లం లేదు, కాయలన్నీ కోల్డు స్టోరేజీకే పోతున్నాయి. నాయనమ్మ, అమ్మ, నాన్న ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. మొన్న అక్క కూడా పోయింది. పోయేటప్పుడు ఆమె తల ఆ జానెడు పిల్ల ఒళ్లోనే ఉంది. దానికిప్పుడు జుట్టంతా నెరిసింది. ఏమే అని నన్ను పిలిచేవాళ్లు ఇక ఎవరూ లేరు.